సీసా మూతి మీద గీతలు

కిందటి వారం మనం చుక్కలమ్మను ఆసుపత్రి రెండో అంతస్తులో, ఆమె సీసాల గదిలో, బల్ల ముందు వదిలి వచ్చాం. ఆమె చేతిలో భూతద్దం ఉంది. ఎదురుగా మూడు వాడేసిన సీసాలున్నాయి. మూడూ ఒకే మనిషి తిరిగి తెచ్చి ఇచ్చినవి. మూడింటికీ, చుక్క రాలే తెల్లటి ముక్కు మొదట్లో, వెంట్రుకంత గీత ఉంది. బ్లేడు మొన దూర్చి ముక్కును పైకి లేపితే పడే గీత అది.

ఇవాళే కథలో అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. కంటి వెనక పొర ఏళ్ళ తరబడి మెల్లగా ఎండిపోయే జబ్బు ఒకటుంది. కన్నవాళ్ళ నుంచి పిల్లలకి దిగే జబ్బు. ముందు మసక వెలుతురులో చూపు పోతుంది, తర్వాత పక్కచూపు పోతుంది, చివరికి గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కాస్త మిగులుతుంది. దానికి ఒక కొత్త చుక్కల మందును ఆ ఆసుపత్రిలో పరీక్షిస్తున్నారు. చేరినవాళ్ళలో సగంమందికి అసలు మందు, సగంమందికి మందు లేని చుక్కలు. ఎవరికి ఏది వెళుతోందో రోగికి తెలీదు, డాక్టరుకి తెలీదు, సీసాలు ఇచ్చే ఫార్మసిస్టుకీ తెలీదు. సీసా మీద ఒక అంకె ఉంటుంది, అంతే. ఆ ఫార్మసిస్టే మన చుక్కలమ్మ. ఆ పేరు రోగులు పెట్టింది. "పట్టపగలు చుక్కలు చూపించేదానివి నువ్వే తల్లీ" అని ఒక ముసలాయన వేళాకోళమాడితే, అదే స్థిరపడిపోయింది.

గీతలున్న సీసాలు పెయింటరువి. దుకాణాలకి బోర్డులు రాసి ముప్ఫై ఏళ్ళుగా ఇల్లు నడుపుకొచ్చిన మనిషి. "అక్షరం కనిపిస్తోందమ్మా, బోర్డు కనిపించట్లేదు" అంటూ పద్నాలుగు నెలల కిందట పరీక్షలో చేరాడు. మొదటి ఏడు నెలలూ ఆయన చూపు ఉన్నచోటే నిలిచింది. తర్వాత ఏడు నెలల్లో గట్టు తెగినట్టు జారిపోయింది.

మొదటి గీతను చుక్కలమ్మ మూడు నెలల కిందటే చూసింది. చూసి, 'చెయ్యి వణికి గీసుకుపోయి ఉంటుందిలే, పాపం' అనుకుని సీసాను సొరుగులో పడేసింది. రెండోదాన్నీ అంతే చేసింది. మూడోది చూశాక ఇంక తనకి తానే సర్దిచెప్పుకోలేకపోయింది. పెయింటరుకి కబురు పెట్టింది.

మర్నాడు పది గంటలకి ఆయన వచ్చాడు. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి కూతురి భుజం మీద.

"రండి పెయింటరు గారూ. కుర్చీ మీ కుడిపక్క ఉంది."

"ఉండనివ్వండి. నేను మీ గొంతు పట్టుకుని వచ్చేస్తా" అని నవ్వాడు ఆయన. గోరు చుట్టూ ఎప్పటిదో నీలం రంగు ఇంకా ఉంది. రంగు డబ్బా ముట్టి నాలుగు నెలలు దాటినా అది వదల్లేదు.

కూతురికి పదిహేనేళ్ళు. నోరు మూయదని తండ్రి 'పిచ్చుకా' అని పిలుస్తాడు. వచ్చినప్పుడల్లా "ఆంటీ, ఈ సీసాలన్నీ ఒకేలా ఉంటే మీకు కలలోకి రావా?" అంటూ ఏదో ఒకటి వాగేది. ఇవాళ ఏమీ అనలేదు. రెండు వేళ్ళతో కనుబొమ్మ నొక్కుకుంటూ నిలబడింది.

"నువ్వు కాసేపు బయట బెంచీ మీద కూర్చో తల్లీ. నాన్నతో ఒక మాట మాట్లాడాలి."

తలుపు మూసుకున్నాక చుక్కలమ్మ ఒక సీసా తీసి పెయింటరు అరచేతిలో పెట్టింది. ఆయన బొటనవేలు పట్టుకుని సరిగ్గా గీత మీద ఆనించింది.

"ఇదేమిటో చెప్పండి."

ఆయన వేలు గీత మీద ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగింది. ఆ వేలికి తెలియని గీత లేదు.

"ఎక్కడో జారిపడి ఉంటుందమ్మా."

"మూడు సీసాలూ జారిపడ్డాయా? మూడింటికీ ఒకేచోట దెబ్బ తగిలిందా?"

ఆయన సీసాను అరచేతిలో ఎత్తి బరువు చూశాడు. తర్వాత చాలా మెల్లగా, "తూకం సరిగ్గానే ఉంది కదా?" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం అంటే ఇదే. వెనక్కి తెచ్చిన ప్రతి సీసానీ తూచి, ఎన్ని చుక్కలు వాడారో లెక్కగట్టడం ఆమె పని. ఆ సంగతి మొదటి రోజు ఆమే ఆయనకి చెప్పింది.

"తూకం సరిగ్గానే ఉంది" అంది చుక్కలమ్మ. "మీరంత జాగ్రత్తగా నింపారు. దేంతో నింపారు?"

"నీళ్ళతో. కాచి చల్లార్చినవే."

"లోపలి మందో?"

"వేరే సీసాలో పోశా."

"మరి మీ కళ్ళలో ఏం పడుతోంది ఈ మూడు నెలలూ?"

"మూడు కాదమ్మా, ఏడు. మొదట్లో చెయ్యి కాస్త నిలకడగా ఉండేది, గీత పడలేదు." ఆయన సీసాను బల్ల మీద తడిమి, పడిపోకుండా నిలబెట్టాడు. "నీళ్ళే పడుతున్నాయి. మా ఆవిడే వేస్తుంది రెండు పూటలా. దానికి తెలీదు. గడియారం చూసి మరీ వేస్తుంది, ఒక్క పూట తప్పించదు. చుక్క పడగానే 'ఇవాళేమైనా నయమా?' అని అడుగుతుంది. నయమే అంటా."

ఆ మందు ఎవరికి వెళుతోందని చుక్కలమ్మ అడగబోయింది. అడగక్కర్లేకపోయింది. ఆయన ముఖం తలుపువైపు తిరిగింది, పిల్ల కూర్చున్న బెంచీవైపు.

"దానికీ వచ్చిందమ్మా" అన్నాడు పెయింటరు. "ట్యూషన్ నుంచి వస్తూ సాయంత్రం మా గుమ్మం ముందరి మెట్టు చూసుకోక పడింది. ఇంకో రోజు ఎదురుగా వస్తున్న బస్సు నంబరు నన్నడిగింది. నన్ను! గుడ్డివాణ్ణి పట్టుకుని దారి అడిగినట్టు. నాకూ సరిగ్గా పదిహేనో ఏటే ఇలాగే మొదలైంది. మా నాన్నకీ అంతే."

"అయితే పిల్లని ఇక్కడికి తీసుకురావొద్దా? వచ్చినప్పుడల్లా మీ పక్కనే తిరుగుతోంది కదండీ ఈ వరండాలో!"

"తీసుకొస్తే ఏమంటారు? ఉందంటారు. పద్దెనిమిది నిండలేదు, పరీక్షలో చేర్చుకోం అంటారు. పిల్లలకి ఇస్తారా అని నేను మిమ్మల్నే ఒకసారి అడిగా. గుర్తుందా? ఇవ్వం అన్నారు. ఇంక దాన్ని లోపలికి తెచ్చి ఏం లాభం? దాని పేరు పక్కన జబ్బు పేరు రాయించడానికా? రాసుకు బతికినవాణ్ణమ్మా. ఒకసారి రాసింది చెరపడం ఎంత కష్టమో నాకు తెలుసు."

"మీ సీసాలో అసలు మందు ఉందని ఎవరు చెప్పారు మీకు? ఉత్త చుక్కలే అయి ఉండొచ్చు కదా?"

"సగానికి సగం. అదీ ఆలోచించా. నేను వేసుకుంటే అయిపోవచ్చిన బతుక్కి సగం ఆశ. దానికి వేస్తే ముందున్న బతుకంతటికీ సగం ఆశ. మీరైతే ఎవరికి వేస్తారు?"

చుక్కలమ్మకి పిల్లలు లేరు. ఉంటే ఏం చేసేదో అని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఆ మెత్తదనమే ఇంతదాకా తెచ్చిందని గుర్తొచ్చి, గొంతు గట్టిపరుచుకుంది.

"వచ్చినప్పుడల్లా మీ కంటికి పరికరం ఆనించి ఒత్తిడి ఎందుకు చూస్తామో తెలుసా పెయింటరు గారూ?"

"ఏదో చూస్తారు. అందరికీ చూస్తారుగా."

"ఈ మందు కొందరి కంట్లో నీటి ఒత్తిడి పెంచుతుంది. పెద్దవాళ్ళలో ఏ కొద్దిమందికో. పిల్లల్లో చాలా ఎక్కువమందికి. ఒత్తిడి పెరిగితే కంటి నరం నలిగిపోతుంది, నలిగింది మళ్ళీ బాగుపడదు. నెలనెలా చూస్తూ ఉంటాం కాబట్టి ఇక్కడ ఎవరికైనా పెరిగితే ఆ రోజే ఆపేస్తాం. మీ పిల్లకి ఎవరు చూశారు?"

పెయింటరు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

"అది తలనొప్పి అంటోందమ్మా" అన్నాడు. "నెల రోజులై. పరీక్షలకి చదువుతోంది కదా, అందుకనుకున్నాం."

చుక్కలమ్మ ఒక్క ఉదుటున తలుపు తీసింది. పిల్ల బెంచీ మీద, మోకాళ్ళ మీద మోచేతులానించి కూర్చుని ఉంది.

"అమ్మాయీ, నిజం చెప్పు. దీపాల చుట్టూ రంగుల గుండ్రాలు కనిపిస్తున్నాయా?"

"మీకెలా తెలుసు ఆంటీ?" అని లేచి, లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించింది. "నాన్నకి చెప్పకండి. జబ్బు ముదిరిందనుకుంటాడు. ఇంకో చుక్క ఎక్కువ వేస్తాడు."

పరీక్ష నడిపించే పెద్ద డాక్టరు గదిలోకి తండ్రిని రానివ్వలేదు. "మీరు ఇక్కడే కూర్చోండి, దగ్గర నేనుంటా" అని చుక్కలమ్మ ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టింది. లోపలికి వెళ్ళి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పేసింది. పెద్ద డాక్టరు వింటున్నంతసేపూ తల ఎత్తలేదు. ఆ తర్వాత పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. మూడో వరస దాటలేకపోయింది. ఆయన బరువైన ఫ్రేము ఒకటి ఆమె ముక్కు మీద పెట్టి, అందులో ఒక అద్దం వేశాడు. తీసి ఇంకోటి వేశాడు.

"ఇప్పుడు చదువు."

పిల్ల గడగడా చదివేసింది. అట్టడుగు వరస దాకా చదివి, నవ్వేసింది. పొద్దుటి నుంచి ఆ ముఖంలో లేని నవ్వు.

"ఆంటీ! ఆ కేలండర్ మీద చిన్నచిన్న అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి! మీ చీర మీద ఉన్నవి పువ్వులా? నేను ఇన్నాళ్ళూ చుక్కలనుకున్నా."

చుక్కలమ్మ నవ్వబోయి పెద్ద డాక్టరువైపు చూసింది. ఆయన నవ్వట్లేదు. ఫ్రేము తీసేసి, కంటికి పరికరం ఆనించాడు. ఒకసారి చూశాడు. నమ్మలేనట్టు రెండోసారి చూశాడు. రెండో కంటికీ అలాగే.

"ముప్ఫై ఎనిమిది. నలభై ఒకటి."

ఒత్తిడి ఇరవై ఒకటి దాటగానే చుక్కలమ్మ సీసాలు ఆపేస్తుంది. అంత పెద్ద అంకెలు ఆమె తన పుస్తకంలో ఎప్పుడూ రాయలేదు.

కంటిపాప వెడల్పు కావడానికి చుక్కలు వేసి, లోపల చూసేసరికి అరగంట పట్టింది. పక్కచూపు చూసే యంత్రం దగ్గర మరో అరగంట. ఆ గిన్నెలాంటి దాంట్లో ముఖం పెట్టి, ఎక్కడ వెలుగు మెరిస్తే అక్కడ మీట నొక్కాలి. కుడికంటికి పైభాగంలో చాలా వెలుగులు వచ్చి పోయాయి, పిల్ల మీట నొక్కలేదు. ఆమెకి తెలీదు తను నొక్కలేదని.

పెద్ద డాక్టరు కాగితం బయటికి లాగి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. చుక్కలమ్మ పక్కన నిలబడింది.

"ఈ పిల్లకి తండ్రి జబ్బు లేదమ్మా" అన్నాడు.

"ఏమిటి సార్?"

"వెనక పొర కడిగిన పలకలా ఉంది. ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్ష చేయిద్దాం, కానీ నా మట్టుకి నాకు అనుమానం లేదు. దూరపు చూపు తక్కువ, అంతే. మసక వెలుతురులో అలాంటి చూపు ఇంకా మందగిస్తుంది. మెట్టు కనపడకపోవడానికీ, బస్సు నంబరు చదవలేకపోవడానికీ అదే కారణం." ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచాడు. "కళ్ళద్దాలు పెట్టుకుంటే సరిపోయేది."

"మరి నరం?"

"కుడికంటిది అంచు నలిగింది. పైచూపులో కొంత పోయింది, అది ఇంక రాదు. ఎడమకంట్లో ఇప్పుడే మొదలవుతోంది. ఒత్తిడి ఈ రోజే దింపాలి. ఇంకో రెండు నెలలు ఆలస్యమైతే ఏమయ్యేదో తల్చుకోవడానికే భయమేస్తోంది."

రెండు నెలలన్న మాట చుక్కలమ్మకి చెంపపెట్టులా తగిలింది. సొరుగులో పడేసిన మొదటి సీసా మూడు నెలల కిందటిది.

"సార్, నేను మూడు నెలల కిందటే చూశాను ఆ గీత" అంది. "రాయలేదు. మీకు చెప్పలేదు. పాపం అనుకున్నాను."

పెద్ద డాక్టరు కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. పదకొండేళ్ళుగా కలిసి పనిచేస్తున్నారు ఇద్దరూ. ఆయన కేకలేస్తాడని, కనీసం విసుక్కుంటాడని ఎదురుచూసింది ఆమె.

"రిపోర్టులో రాయి" అన్నాడు ఆయన. "నీ చేత్తోనే రాయి. ముందు ఫోను చేసి ఆ అంకె విప్పించు. పిల్ల కంట్లో ఏం పడిందో నాకు ఖాయంగా తెలియాలి."

పరీక్ష ముగిసేదాకా ఆ అంకెల వెనక ఏముందో ఎవరికీ చెప్పరు. ప్రాణానికో చూపుకో ముప్పు వచ్చినప్పుడు మాత్రం చెబుతారు. చుక్కలమ్మ డాక్టరు బల్ల మీది ఫోను అందుకుంది. అవతలి గొంతు అంకె అడిగింది, కారణం అడిగింది, మళ్ళీ ఒకసారి అంకె అడిగింది. తర్వాత ఎవరో ఊళ్ళో వాన పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అసలు మందు."

చుక్కలమ్మ ఆ రెండు మాటలూ కాగితం మీద రాసుకుంది. రాసి, వాటినే చూస్తూ ఉండిపోయింది. పెయింటరు చూపు ఏడు నెలలు నిలబడింది, ఏడు నెలలు జారింది. ఒక్కడి కాగితం చూసి మందు పనిచేసిందని అనకూడదు, ఆ మాట ఆమే కొత్తవాళ్ళకి పాఠం చెబుతుంది. అయినా ఆ రెండు ఏడు నెలలూ ఆమె కళ్ళముందు నుంచి కదల్లేదు. చూపు నిలబెట్టే చుక్క ఒకటి ఆ మనిషి చేతిదాకా వచ్చింది. దాన్ని తన కంట్లోంచి తీసి, ఏ జబ్బూ లేని కూతురి కంట్లో వేశాడు. కంటికి రెప్పలా కాచుకుంటున్నాననుకుంటూ వేశాడు.

"ఆంటీ."

పిల్ల కుర్చీలోంచి లేచి వచ్చింది. కంటిపాపలు విచ్చుకుని కళ్ళు నల్లగా, పెద్దగా ఉన్నాయి. వెలుతురుకి నీళ్ళు కారుతున్నాయి. అవి వెలుతురుకి వచ్చినవో కాదో చెప్పడం కష్టం.

"నేను అంతా విన్నా" అంది. "కిటికీ దగ్గరికెళ్ళి మాట్లాడుకుంటే వినపడదనుకున్నారా? ఫోనులో వాళ్ళు చెప్పిందీ వినపడింది."

"కూర్చో తల్లీ. తల తిరుగుతుంది."

"నాన్నకి నీళ్ళేనని చెప్పండి."

"ఏమిటీ?"

"సీసాలో నీళ్ళే ఉన్నాయని చెప్పండి. మొదటినుంచీ ఉత్త నీళ్ళేనని. నా కంట్లో ఒత్తిడి దానంతట అదే వచ్చిందని చెప్పండి. వస్తుందిగా కొందరికి?" గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. "మందని తెలిస్తే ఆయన బతకడాంటీ. నా కళ్ళు తనే పాడుచేశానంటాడు. తనవీ ఊరికే పోయాయంటాడు. నాకు అసలు జబ్బే లేదని తెలిస్తే…" అక్కడ ఆగిపోయింది. "రోజూ చుక్క వేసి, నా కళ్ళు మూసి, పైన తన చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు ఆంటీ. అయిదు నిమిషాలు. అమ్మ వచ్చేలోపు."

"అబద్ధం చెప్పకూడదు తల్లీ ఇక్కడ. నిన్ను చూసే ప్రతి డాక్టరుకీ ఆ మందు సంగతి తెలియాలి."

"డాక్టర్లకి చెప్పండి. నాన్నకి వద్దంటున్నా." పిల్ల ఆమె చేతిలో కాగితంవైపు చూసింది. అంత దగ్గరి అక్షరాలు విచ్చుకున్న పాపలకి ఆనక, మళ్ళీ ముఖంలోకి చూసింది. "మీరు మూడు నెలలు చెప్పకుండా ఊరుకున్నారుగా. ఇదొక్కటి చెప్పలేరా?"

చుక్కలమ్మ తలదించుకుంది. ఆ మాటలో కోపం లేదు. అది ఉండి ఉంటే ఓర్చుకోవడం తేలికయ్యేది.

పెద్ద డాక్టరు చీటీ రాస్తున్నవాడల్లా కలం ఆపాడు. ఆయనా ఇద్దరు పిల్లల తండ్రే.

తలుపు కిర్రుమంది. పెయింటరు గడప దగ్గర నిలబడి ఉన్నాడు, తలుపు చెక్క మీద అయిదు వేళ్ళూ ఆనించి. గొట్టంలోంచి చూసే ఆ చూపు గదిలో వెతికింది. డాక్టరు బల్ల మీద ఆగింది, ఖాళీ కుర్చీ మీద ఆగింది, చివరికి కూతురి ముఖం దొరికాక అక్కడ నిలిచింది.

"ఎంతసేపని కూర్చోను? రెండు గంటలైంది" అన్నాడు. "పిచ్చుక ఏడుస్తోందా?"

"మందు వేశారు నాన్నా, కళ్ళు మండుతున్నాయి" అంది పిల్ల.

"చుక్కలమ్మా." ఆయన గడప దాటలేదు. "ఇందాక ఫోనులో మీరు నా అంకె చెప్పడం వినపడింది. అది నాకు నా పేరుకన్నా బాగా గుర్తు. అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. నా సీసాలో ఏముందమ్మా? మందా, నీళ్ళా?"

"నీళ్ళే నాన్నా" అంది పిల్ల, ఎవరూ నోరు తెరవకముందే. "ఉత్త నీళ్ళే. ఇప్పుడే చెప్పారు."

పెయింటరు తల అడ్డంగా ఊపాడు. కూతురి మీంచి చూపు తిప్పి, చుక్కలమ్మ ముఖం ఎక్కడుందో వెతుక్కున్నాడు. దొరికింది.

"నిన్నడగలేదమ్మా" అన్నాడు మెత్తగా. "ఆవిణ్ణి అడుగుతున్నా."